బ్యాటరీలో పడ్డ దొంగ

సిద్ధిరాములు కారు కొని ఏడు నెలలైంది. ఆ ఏడు నెలల్లో ఆ కారు ఎక్కి తిరిగినవాళ్లకంటే దాన్ని వెనక నుంచి తోసినవాళ్లే ఎక్కువ. గైబీ నగర్‌లో ఆయన ఉండే గల్లీలో ప్రతి మగాడూ ఏదో ఒక పొద్దున ఆ తెల్ల కారు డిక్కీ మీద చేతులు వేసినవాడే. షిఫ్టు దిగి ఇంటికి పోయేవాళ్లు, స్టీరింగు ముందు కూర్చుని దిక్కులు చూస్తున్న సిద్ధిరాములును దూరం నుంచే పసిగట్టి, పక్క సందులోంచి చుట్టు తిరిగి పోవడం నేర్చుకున్నారు.

అయినా ఆ కారంటే ఆయనకు పంచప్రాణాలు. తండ్రి ఊరు విడిచి పొట్ట చేతబట్టుకుని మరమగ్గాల పట్నం భివండీ వచ్చి, ఒకరి మగ్గాల మీద కూలికి నేసి, కూలివాడిగానే పోయాడు. సిద్ధిరాములు కిందామీదా పడి పన్నెండు సాంచాలకు ఆసామి అయ్యాడు. మరమగ్గాన్ని వాళ్లు సాంచ అంటారు. వంశంలో సొంత నాలుగు చక్రాల మీద కూర్చున్న మొదటి మనిషి తనే. అది మూడు చేతులు మారి వచ్చిన కారని ఎవరైనా అంటే, "మూడు చేతులు మారినా నా చేతికి వచ్చినంక ఆగింది" అనేవాడు. ఆగిన మాట మాత్రం నిజమే.

ఆయనకు ఇంకో గర్వం కూడా ఉంది. అది చెవుల గురించి. పన్నెండు సాంచాలు ఒక్కసారిగా దడదడలాడుతుంటే మధ్యలో చెప్పుల్లేకుండా నిలబడి, కళ్లు మూసుకుని, "ఐదోదాన్ల నాడె సరిగ్గ పోతలేదు" అనేవాడు. పోయి చూస్తే నిజంగానే పోగు మోసే ఆ నాడె ఏదో కొసకు తగులుతూ ఉండేది. చుట్టుపక్కల షెడ్ల ఆసాములు కూడా సాంచ మొరాయిస్తే ఆయన్నే పిలిచేవారు. ఆయన చెవిలో దేవుడున్నాడని గల్లీలో చెప్పుకునేవారు. వద్దు వద్దంటూనే ఆయన ఆ మాట ఇంకోసారి చెప్పించుకునేవాడు.

సాంచాలవాళ్లకు ఒక అలవాటుంది. పని మొదలుపెట్టేముందు సాంచ మీది బల్బు వేసి, దానికి దండం పెట్టి, ఆ తర్వాతే మోటారు మీట నొక్కుతారు. సిద్ధిరాములు కారుకు కూడా అదే మర్యాద చేశాడు. పట్టపగలైనా సరే, ఎక్కగానే చిన్న లైట్లు వేసి, స్టీరింగును కళ్లకద్దుకుని, అప్పుడు తాళం తిప్పేవాడు. ఇక ఆర్పడమంటారా? రెండు షిఫ్టులు నడిచే షెడ్డులో దీపం ఆర్పే పని ఎవరికీ ఉండదు. ఆర్పితే షెడ్డు మూసుకుంటున్నట్టే లెక్క. చేతులారా దీపం ఆర్పే బుద్ధి ఆయన ఒంట్లో లేదు. దిగీ దిగగానే, గాలిలో ఎగిరే నూలు దూది పడకుండా, తన సాంచాల మీద నేసిన మందపాటి గుడ్డ కారు మొత్తానికి కప్పేవాడు. ఆ గుడ్డ కింద ఏం వెలుగుతోందో ఎవరికి తెలుసు?

ఇలా ఉండగా ఒక శుక్రవారం, ధామన్కర్ నాకా నడిబొడ్డున, టీ తాగుదామని ఆపిన కారు మళ్లీ కదలనంది. ముందు ఆటోలు, వెనక ఆటోలు, పక్కన బట్టల తాన్లు మోసే టెంపో. దిక్కులేక భార్య యమునాబాయి పట్టుచీర కుచ్చిళ్లు పైకి దోపుకుని కారును తోసింది. ఆటోవాళ్లు ఈలలు వేశారు. ఇంటికి వచ్చాక ఆమె చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడింది.

"ఇగో, ఇప్పుడే చెప్తున్న. మల్లచ్చే శుక్రారం టెంఘర్‌ల మా తమ్ముని కొత్తింట్లకు పోవాలె. గీ కార్లనే పోదాం, నేను అడ్డం చెప్ప. గని మా పుట్టింటోళ్ల ముంగట గీ బండిని నూకుడైందో, గా సాయంత్రమే ఇది భంగార్ దుకాన్ల ఉంటది. పాతినుము కింద అమ్మి పారేస్త!"

యమునాబాయి ఉత్తుత్త మాటలు చెప్పే మనిషి కాదు. అన్నం తింటూ ఫోను చూస్తే నీళ్ల బిందెలో వేస్తానని ఒకసారి అంది. వేసింది కూడా. ఆ ఫోను ఆరాక కూడా గడగడమని నీళ్లు పుక్కిలించినట్టే మోగేది.

వారం రోజుల గడువు. మర్నాడే బానెట్ ఎత్తి చూశాడు. బ్యాటరీ కొమ్ముల మీద పచ్చని చిలుము పేరుకుని ఉంది. సాంచ మొరాయిస్తే ఏం చేస్తాడో అదే చేశాడు. నూనె డబ్బా తెచ్చి నిండుగా పోశాడు. తర్వాత బ్యాటరీని ఊడదీసి, ఒళ్లో పసిబిడ్డలా పెట్టుకుని, ఆటోలో ధామన్కర్ నాకాకు, మెకానిక్ ఓంప్రకాష్ దుకాణానికి తీసుకుపోయాడు. ఓంప్రకాష్‌ది ఉత్తరాది. తెలుగువాళ్లతో ఇరవై ఏళ్ల సావాసం వల్ల సగం తెలుగు, సగం హిందీ కలిపి కొడతాడు.

"యే క్యా సేఠ్? బ్యాటరీని పకోడీ చేసినవా?" అన్నాడు నూనె కారుతున్న బ్యాటరీని చూసి. "తేల్ సాంచకు పొయ్యాలె. దీనికి వేడినీళ్లతో చిలుము కడిగి, తుడిచి, జర వాసలీన్ రాయాలె, బస్."

కడిగి, తుడిచి, మీటరు పెట్టి చూశాడు. పన్నెండున్నర చూపించాల్సిన ముల్లు తొమ్మిది దగ్గరే చతికిలబడింది. ఐదేళ్ల బ్యాటరీ, దాని ఆయుష్షు తీరిందన్నాడు. పాతది అక్కడే ఇచ్చేసి, సిద్ధిరాములు కొత్తది తీసుకున్నాడు. బిగించడానికి మనిషిని పంపుతానంటే, పన్నెండు సాంచాలు బిగించిన చేతులకు ఒక డబ్బా లెక్కా అని పౌరుషపడ్డాడు. "సరే, యాద్ రఖో. విప్పేటప్పుడు నల్ల వైరు ముందు, తొడిగేటప్పుడు ఎర్ర వైరు ముందు" అని చెప్పి పంపాడు ఓంప్రకాష్. సిద్ధిరాములు దారి పొడుగునా ఆ ముక్కను మంత్రంలా జపించుకుంటూ వచ్చి, ఎర్రది బిగించి, నల్లది బిగించాడు. బిగించీ బిగించగానే కారు ముందు లైట్లు వాటంతటవే వెలిగాయి. మంచి శకునం అనుకుని ఆయన చెంపలేసుకున్నాడు.

మంగళవారం పొద్దున కొత్త బ్యాటరీ కూడా చచ్చిపోయింది. తాళం తిప్పితే టక్కుమని ఊరుకుంది.

అప్పుడు సిద్ధిరాములుకు జ్ఞానోదయమైంది. పాతది పోయిందంటే అర్థముంది, మూడు రోజుల బ్యాటరీ పోవడమేమిటి? ఆయన నలభై ఏళ్ల భివండీ అనుభవంలో, ఉండాల్సిన కరెంటు లేదంటే దానికి ఒక్కటే కారణం. ఎవరో కొక్కెం, అక్కడివాళ్ల మాటలో ఆకడ, తగిలించి లాగుతున్నారు. కరెంటు స్తంభానికి కొక్కెం వేసేవాడు కారు బ్యాటరీకి వెయ్యడా?

ఒంగి కారు కిందికి చూశాడు. దొరికింది! ముందు చక్రం పక్కనుంచి సన్నని తీగ ఒకటి గోడ మీదికి పాకుతోంది. "పట్టిన! ఆకడ పట్టిన!" అని అరిచాడు. గల్లీ అంతా పోగైంది. సిద్ధిరాములు చేతిలో టెస్టరు పట్టుకుని, తీగ వెంబడి గోడ ఎక్కి, రేకుల మీద పాకి, అవతలి గది కిటికీ దాకా పోయాడు. ఆ గది పెద్దులుది. పక్క షెడ్డులో కూలికి నేస్తాడు, నోట్లో నాలుక లేని మనిషి. తీగ కొసన అతని చెడ్డీలు మూడు ఆరేసి ఉన్నాయి.

సిద్ధిరాములు వెనక్కి తగ్గలేదు. అంత జనం ముందు తగ్గడం కూడా కష్టమే. చెడ్డీ పక్కనే తీగకు టెస్టరు ఆనించాడు. వెలగలేదు. రెండో చెడ్డీ దగ్గర ఆనించాడు.

"సిద్ధన్నా," అన్నాడు పెద్దులు భయం భయంగా, "నా చెడ్డీలల్ల కరెంటు ఉన్నదానే? మరి నేను గవ్వే తొడుక్కుంటున్న గదా!"

గల్లీ గల్లంతా పొట్టలు పట్టుకుంది. సిద్ధిరాములు దిగి వచ్చి, పరువు కాపాడుకోవడానికి బానెట్‌కు గొలుసు చుట్టి తాళం వేశాడు. బ్యాటరీ మళ్లీ ఛార్జింగుకు పోయివచ్చింది. బుధవారం షికారు తిప్పి, గుడ్డ కప్పి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. గురువారం పొద్దున గొలుసు ఉన్నది ఉన్నట్టే ఉంది, తాళం పడ్డది పడ్డట్టే ఉంది, లోపల కరెంటు మాత్రం లేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ ఇంటిదొంగే టెస్టరు పట్టుకుని తిరుగుతున్నాడు.

ఆ రోజు కారును ఓంప్రకాష్ దుకాణం దాకా ఎనిమిది మంది తోశారు. ఓంప్రకాష్ బ్యాటరీ చూశాడు, బాగుంది. ఇంజను నడుస్తుంటే బ్యాటరీని నింపే యంత్రాన్ని చూశాడు, అదీ బాగుంది. తల గోక్కున్నాడు. ఛార్జింగు ఎక్కాక, "సేఠ్, నువ్వు నడుపు. నేను పక్కన కూసుంట. నువ్వు ఏం చేస్తవో చూస్త" అన్నాడు.

సిద్ధిరాములు లైట్లు వేసి, దండం పెట్టి, తాళం తిప్పాడు. గైబీ నగర్ దాకా వచ్చి, గోడ వారన ఆపి, ఇంజను ఆపి, తలుపు తెరిచాడు. టిం టిం టిం టిం అని కారు గోల పెట్టింది. సిద్ధిరాములు తాపీగా దిగి, గుడ్డ విప్పి కప్పడం మొదలుపెట్టాడు. లోపల ఓంప్రకాష్ ఇంకా కూర్చునే ఉన్నాడు.

"సేఠ్! అది మొత్తుకుంటుంది గదా?"

"ఏది?"

"కారు! లైటు బంద్ చెయ్యమని మొత్తుకుంటుంది. యే ఆవాజ్!"

"ఏ ఆవాజ్?"

ఓంప్రకాష్ స్టీరింగు వైపు వేలు చూపించాడు. సిద్ధిరాములు తల లోపలికి పెట్టాడు, చెవి స్టీరింగుకు ఆనించాడు, అరచేయి దొప్పలా చేసి చెవి వెనక పెట్టుకున్నాడు. ఓంప్రకాష్ లైట్లు ఆర్పాడు, వేశాడు, మళ్లీ ఆర్పాడు. "ఇప్పుడు మోగింది. ఇప్పుడు బంద్. ఇప్పుడు మోగింది" అంటూ చూపించాడు. సిద్ధిరాములుకు ఇప్పుడూ అప్పుడూ ఒకటే. గల్లీలో సాంచాల దడదడ తప్ప ఇంకేమీ లేదు.

ఆయన అక్కడే కారు అంచున కూలబడ్డాడు. ఒక్కొక్కటే లెక్కకు వచ్చింది. మనుషుల మాటలు తను వినడం లేదు, పెదాలు చూస్తున్నాడు. ఐదో సాంచ జబ్బు చెవితో కనిపెట్టలేదు, గచ్చు మీద ఆనిన అరికాళ్లతో కనిపెట్టాడు. అందుకే చెప్పులు వేసుకున్న రోజు ఏ సాంచ జబ్బూ అంతుపట్టేది కాదు. చెవిలో దేవుడు సాంచాల మోతకు ఎప్పుడో గుడి ఖాళీ చేసి పోయాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఇన్ని రోజులూ బ్యాటరీని ఆడిపోసుకున్నాడు.

"ఓంప్రకాష్ భాయ్," అన్నాడు గల్లీ అటూ ఇటూ చూసి, "ఎవ్వలకు చెప్పకు. గీ ముచ్చట బయటవడితే నన్ను సాంచ చూడమని ఎవ్వడు పిలుస్తడు?"

ఓంప్రకాష్ ఒట్టేశాడు. సిద్ధిరాములు ఇంట్లో మాత్రం, ఏదో వైరు లూజుగా ఉండింది, బిగించారని చెప్పాడు. యమునాబాయి పట్టుచీర తీసి ఇస్త్రీ చేసుకుంది.

శుక్రవారం సాంచాలకు సెలవు. కారు ఒక్క తాళానికే లేచింది. టెంఘర్ దాకా నెయ్యిలా జారుకుంటూ పోయింది. బావమరిది భూపతి కొత్త ఇంటి ముందు ఆపి, లైట్లు ఆర్పి, సిద్ధిరాములు పెళ్లికొడుకులా దిగాడు. భూపతి ఎదురొచ్చి కౌగిలించుకున్నాడు. పాలు పొంగాయి, వ్రతం మొదలైంది. కథ రెండో అధ్యాయంలో ఉండగా సిద్ధిరాములుకు పిడుగులాంటి అనుమానం వచ్చింది.

లైట్లు ఆర్పానా?

ఆర్పినట్టే గుర్తు. కానీ ఆర్పకపోతే చెప్పే దిక్కు కారు ఒక్కటే, దాని మాట తనకు వినపడదు. మెల్లగా లేచి బయటికి పోయాడు. ఆర్పే ఉన్నాయి. వచ్చినవాడు ఊరికే ఎందుకు పోవాలి, ఒకసారి లేస్తుందో లేదో చూద్దామని ఎక్కాడు. ఎక్కగానే చెయ్యి తన అలవాటున తను పోయి లైట్లు వేసింది. దండం పెట్టి తాళం తిప్పాడు. లేచింది. హమ్మయ్య అనుకుని ఆపి లోపలికి వచ్చి కూర్చున్నాడు. మూడో అధ్యాయం. ఇప్పుడు ఎక్కినప్పుడు లైట్లు వేశాను కదా, మరి ఆర్పానా?

ఇలా హారతి అయ్యేలోపు ఆరుసార్లు లేచి పోయాడు. వడ్డనలో మరో ఐదుసార్లు. పోయినప్పుడల్లా దండం, తాళం, ఇంజను గుర్రుమనడం, ఆపడం. అల్లుడికి కడుపు పాడైందని ఆడవాళ్లలో గుసగుస బయల్దేరింది. భూపతి గ్లాసుడు వాము నీళ్లు తెచ్చి దగ్గరుండి తాగించాడు. "సిగ్గువడకు బావా, లోపట సండాసు కొత్తది కట్టిచ్చిన, బయటికెందుకు ఉరుకుతవు?" అని గట్టిగా అన్నాడు. సిద్ధిరాములు ఆ వాము నీళ్లు తాగి మళ్లీ కారు దగ్గరికే పోయాడు.

మూడు గంటలకు బయల్దేరారు. సాగనంపడానికి నలభై మంది బయటికి వచ్చారు. అందరూ యమునాబాయి పుట్టింటివాళ్లే, అందరూ సాంచాలవాళ్లే. ఆమె ముందు సీట్లో దర్జాగా కూర్చుని కొంగు సర్దుకుంది. సిద్ధిరాములు తాళం తిప్పాడు.

టక్.

మళ్లీ తిప్పాడు. ఈసారి టక్కు కూడా లేదు. పన్నెండోసారి లేవడానికి బ్యాటరీలో ఓపిక మిగల్లేదు.

యమునాబాయి ఆయన వైపు చూడలేదు. మెల్లగా తలుపు తీసుకుని దిగి, తమ్ముడి దగ్గరికి పోయింది. "భూపతీ, మీ దిక్కు భంగార్ దుకాన్ ఏడున్నది? వాన్ని పిలువు. బండి తీస్కపొమ్మను" అంది గట్టిగా.

సిద్ధిరాములు కారు వైపు చూశాడు. బొట్టు పెట్టుకుని, బంతిపూల దండ వేసుకుని, ఏ పాపమూ ఎరగకుండా నిలబడి ఉంది. అది ఏడు నెలలుగా దిగిన ప్రతిసారీ చెబుతూనే ఉంది. వినని తప్పు తనది, పాతినుములోకి పోయేది అదీనా? ఇక పరువు పోతే పోయిందనుకున్నాడు. దిగి, నలభై మంది ముందు నిలబడ్డాడు. నేల చూస్తూ మెల్లగా అన్నాడు.

"బండి తప్పేం లేదు. బ్యాటరీ తప్పు లేదు. నా చెవులే పోయినయ్. నాకు వినవడదు."

నలభై మందీ ఆయన్నే చూస్తున్నారు. ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఉలకలేదు, పలకలేదు. సిద్ధిరాములు సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఏందీ?" అన్నాడు భూపతి, ముందుకు వంగి.

"నాకు చెవులు వినవడవు!" అన్నాడు సిద్ధిరాములు కొంచెం గట్టిగా, తల ఎత్తకుండానే.

"ఏమంటుండు?" అంది ఒక మేనత్త. "ఏమో" అన్నాడు పక్కన ఉన్నాయన. "కడుపుల నొస్తున్నదంటుండు గావచ్చు" అన్నారు వెనకెవరో.

సిద్ధిరాములు తల ఎత్తాడు. అన్ని ముఖాలూ ఒకే తీరున ఉన్నాయి. అందరి కళ్లూ తన పెదాల మీదే ఉన్నాయి. అప్పుడు ఆయనకు సంగతి అర్థమైంది. గుండెల నిండా గాలి పీల్చి, టెంఘర్ ఈ కొస నుంచి ఆ కొస దాకా వినబడేట్టు, ఒక్కో మాటా విడదీసి అరిచాడు.

"నాకు! చెవులు! వినవడవు! బండిల లైటు బంద్ చెయ్యకుంటే టిం టిం అని మోగుతదట! నాకు ఒక్కపారి సుత వినవడలే!"

ఈసారి చేరింది. భూపతి చూపు చటుక్కున నేల మీదికి పోయింది. మేనత్త కొంగుతో చెవి కప్పుకుంది. వెనక నిలబడ్డవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, గబుక్కున వేరే దిక్కు చూశారు. ఎవరి దొంగ వాళ్లకు దొరికినట్టున్నాడు. యమునాబాయి మెల్లగా నడిచి మొగుడి ఎదురుగా వచ్చింది.

"టిం టిం అంటదా?" అంది.

"అంటదట. తలుపు తీసినప్పుడల్ల."

"ఏడు నెలల సంది నేను సుత నీ పక్కకే కూసుంటి గదయ్యా" అంది యమునాబాయి. ఆమె పాతికేళ్లు సాంచాల పక్కన కూర్చుని కండెలు చుట్టిన మనిషి. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. మరుక్షణమే మూతి బిగించి, తమ్ముడి వైపు తిరిగి కేక వేసింది. "భంగారోన్ని పిలువకు! మొగోళ్లందరు రాండ్రి. నూకుండ్రి!"

తాను పోయి మళ్లీ ముందు సీట్లోనే కూర్చుంది. సిద్ధిరాములు రెండో గేరు వేసి క్లచ్చి తొక్కి పట్టాడు. నలభై మందిలో మగవాళ్లంతా కారు వెనక చేరారు. జోరందుకోగానే క్లచ్చి వదిలాడు. కారు ఒక కుదుపు కుదిపింది, ఎదురుగా బ్యాటరీ గుర్తున్న ఎర్ర దీపం ఆరిపోయింది, స్టీరింగు చేతుల్లో సన్నగా వణికింది. ఇంజను లేచింది. సిద్ధిరాములు వెంటనే క్లచ్చి తొక్కి, కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"అయింది! ఇగ ఆపుండ్రి!"

ఎవరూ ఆపలేదు. తలలు వంచి, పళ్లు బిగించి తోస్తున్నారు. "స్టార్ట్ అయిందిరో!" అని మళ్లీ అరిచాడు. వాళ్లు ఇంకా తోస్తున్నారు. యమునాబాయి వెనక్కి తిరిగి అద్దంలోంచి వాళ్లను చూసింది, మొగుణ్ని చూసింది, కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన కూడా ఇక అరవలేదు. నిన్నటి నుంచి గుండె మీద కూర్చున్న బండరాయి ఎటు పోయిందో పోయింది. నడుస్తున్న కారును వాళ్లు పెద్ద రోడ్డు దాకా తోసుకొచ్చారు.

అక్కడ ఆగి, చొక్కా తడిసి ముద్దయిన భూపతి ఆయాసపడుతూ కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఇగ స్టార్ట్ చెయ్, బావా!"

సిద్ధిరాములు బుద్ధిగా తల ఊపి, గట్టిగా యాక్సిలరేటరు తొక్కాడు. వెనక గొట్టంలోంచి నల్లటి పొగ బుస్సున లేచింది. ఆ పొగను చూసి అందరూ చప్పట్లు కొట్టారు.